స్టూడెంట్లు రాసిన పురాణ కథల సైట్లు: రెండేండ్లు వాడినంక నా మాట

మాది నల్గొండ. బిడ్డ ఏడో తరగతి, కొడుకు నాలుగు. రెండేండ్ల సంది రాత్రి అన్నం తిన్నంక టీవీ బంద్ చేసి ఫోన్ల ఈ సైట్లే తీస్తున్న, అందుకే కొంచెం పొడుగ్గనే రాస్త. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, అమెరికాల ఒక యూనివర్సిటీల రామాయణ, భారతాల మీద కోర్సు చదివిన స్టూడెంట్లు తలా ఒక వెబ్‌సైట్ చేసి, నచ్చిన పాత్రను పట్టుకొని మూడు నాలుగు కథలు రాసి పెట్టిండ్రు. అన్నీ ఫ్రీ, యాడ్స్ లేవు.

నాకు అన్నిటికంటె నచ్చింది ప్రతి కథ కింద ఉండే నోట్. అసలు కథ ఏంది, యాడ చదివిన, నేనేం మార్చిన అని రాసినోళ్లే చెప్తరు. ఒకరోజు సీత కథ చదువుతున్న. సీతమ్మ మేడ మీదికెళ్లి వీధిల పోతున్న రాముణ్ణి చూస్తది, విల్లు విరగకముందే ఇద్దరి మనసులు కలుస్తయి. మా అత్తమ్మ మంచం మీద కూసోని ఒత్తులు చేసుకుంట వింటున్నది, చిన్నప్పటి సంది ఊర్ల చిరుతల రామాయణం చూసి పెరిగిన మనిషి, చేతిల దూది పక్కకు పెట్టి "గట్లెట్లుంటది బిడ్డా, విల్లు విరిచినంకనే గద" అన్నది. కిందికి పోయి నోట్ చూస్తె, ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీష్ రామాయణం చదివి రాసిన అని ఉన్నది. నారాయణ్ పుస్తకానికి ఆధారం తమిళ కంబ రామాయణం, కంబడు పెండ్లికి ముందే చూపులు కలిపిండు, వాల్మీకిల అది లేదు. అదే చెప్పిన. "తమిళపోళ్ల కథనా, సరే సదువు" అని మళ్ల ఒత్తి పట్టుకున్నది.

మనసు నొచ్చేది చుట్టరికాల కాడ. ఇంగ్లీష్ల విదురుడు అంకులే, శకుని అంకులే, శల్యుడు గూడ అంకులే. తెలుగుల చెప్పుకుంట పోతాంటె ఒకసారి నా నోట్ల అంకుల్ అనే పడ్డది, కొడుకు వెంటనే "ఏ అంకులమ్మా, మేనమామనా, చిన్నాయిననా?" అని అడిగిండు. శల్యుడు నకుల సహదేవులకు సొంత మేనమామ, అసొంటోడు కర్ణుడి రథం మేనల్లుళ్ల మీదికి తోలిండంటె మన పిల్లలకు గుండె కలుక్కుమంటది, అంకుల్ అంటె ఆ బాధ యాడికెళ్లి వస్తది? కృష్ణుడు, అర్జునుడు కజిన్స్ అట, మనకు బావా బామ్మర్దులు. అందుకె నేను పొద్దుగాల్నే ఒకసారి చదువుకొని వరసలు కాయితం మీద రాసుకొని రాత్రి పిల్లల ముందట కూసుంట. అట్ల చదివితె పెద్దోళ్లకే పనికొచ్చే కథలేవో గూడ ముందే తెలుస్తది.

పాత సైట్లల్ల కొన్ని బొమ్మలు పోయినయి, ఖాళీ డబ్బాలే కనవడ్తయి. కర్ణుణ్ణి, దుర్యోధనుణ్ణి ఇప్పటి కాలేజీల చదివే పోరలను చేసి రాసినయి మా ఇంట్ల నడవలే. జటాయువు, మండోదరి, ఊర్మిళ తమ మాటగ చెప్పేటియి మాత్రం మస్తున్నయి. ఊర్మిళ నిద్ర మన ఆడోళ్ల పాటలల్ల గూడ ఉన్నదే, ఆ కథ రోజు అత్తమ్మ తనకు యాదికున్నకాడికి పాడింది, ఫోన్ పక్కకు పోయింది.

పోయిన ఎండాకాలం సెలవులల్ల బిడ్డ నోట్‌బుక్ల తనే ఒక కథ రాసింది, వారధి కట్టంగ ఉడుత ఏమనుకున్నదో అని. ఆ ఉడుత వాల్మీకిల లేదు, గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంల ద్విపదలల్ల రాసిన రంగనాథ రామాయణంల ఉన్నది, ఆ గోన వంశపోళ్లు ఏలిన వర్ధమానపురం మన పాలమూరు దిక్కే అని చెప్తె "మనోళ్లు రాసిందా!" అని లేచి కూసున్నది. కథ కింద నోట్ గూడ పెట్టింది, అందుల ఆఖరి లైన్: "రాముడు వీపు మీద వేళ్లతోని నిమిరింది పాతదే, ఉడుత చలికి వణికింది నేను కలిపిన."