ఈక్వలైజర్ నేర్చుకోవాలంటే గ్నూ రేడియో: నా రివ్యూ

మోడెమ్ సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. చానల్ (సిగ్నల్ ప్రయాణించే దారి) చెడగొట్టిన సిగ్నల్‌ని రిసీవర్‌లో సరిచేసే ఈక్వలైజర్లు ఎక్కడ మొదలుపెట్టాలని కొత్తవాళ్లు అడిగితే, రేడియో సిగ్నళ్లను కంప్యూటర్‌లోనే ప్రాసెస్ చేసే గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోమంటాను. ఉచితం, సోర్స్ కోడ్ అంతా కళ్లముందే ఉంటుంది, రేడియో హార్డ్‌వేర్ లేకపోయినా చానల్‌ని సిమ్యులేట్ చేసుకోవచ్చు.

లీనియర్ ఈక్వలైజర్ బ్లాకులో ఎల్‌ఎంఎస్, సీఎంఏ అనే సర్దుబాటు పద్ధతులు రెండూ పెట్టి చూడండి. స్టెప్ సైజు (ఒక్కోసారి చేసే సర్దుబాటు ఎంతన్నది) పెంచితే ట్యాప్‌లు (ఫిల్టర్ గుణకాలు) త్వరగా కుదురుకుంటాయి, కానీ ఆ తర్వాత కూడా తెరమీద సింబల్స్‌ని (బిట్లను మోసే సిగ్నల్ విలువలను) చూపే చుక్కలు చెదురుతూనే ఉంటాయి. సీఎంఏకి ట్రైనింగ్ సింబల్స్ (రిసీవర్‌కి ముందే తెలిసినవి) అక్కర్లేదు. ఫేజ్ మాత్రం దానికి పట్టదు, వెనక ఫేజ్‌ని సరిచేసే కోస్టాస్ లూప్ తగిలించాలి.

నాకు గ్నూ రేడియో మీద ఇంత ఇష్టం కలిగింది మాత్రం పంపిన సింబల్స్ వరసను వెతికే ట్రెలిస్ బ్లాకుల వల్ల. చానల్ ట్యాప్‌లు 0.407, 0.815, 0.407 ఇచ్చి బీపీఎస్‌కే (ఒక్కో సింబల్‌కి ఒక బిట్) సిగ్నల్ పంపండి. సింబల్ రేటులో సగం దగ్గర ఈ చానల్ స్పందన దాదాపు సున్నా. లీనియర్ ఈక్వలైజర్ ఆ గుంటను పూడ్చబోయి అక్కడి నాయిస్‌నే పెంచుతుంది, ఎన్ని ట్యాప్‌లు వేసినా అంతే. అదే సిగ్నల్‌ని విటర్బీ బ్లాకుకి ఇవ్వండి. అది చానల్‌ని సరిదిద్దదు. ఏ వరస పంపితే ఈ రూపంలో వచ్చి ఉండాలో వెతుకుతుంది. ఇక్కడ స్టేట్‌లు (చానల్‌లో ఇంకా మిగిలున్న గత రెండు సింబల్స్ కలయికలు) నాలుగే! ఆండ్రూ విటర్బీ అనే ఇంజనీరు 1967లో తప్పులు దిద్దే కోడ్‌ల కోసం చెప్పిన పద్ధతిని సింబల్స్ కలగలిసిపోయే చానల్‌కి 1972లో డేవిడ్ ఫోర్నీ ఎలా అన్వయించాడో లీనియర్ ఈక్వలైజర్‌దీ విటర్బీదీ రెండు బిట్ ఎర్రర్ గ్రాఫ్‌లు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఈ ఒక్క ప్రయోగం ప్రతి కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లోనూ ఉండాలని నా కోరిక.

విటర్బీ ముందు లీనియర్ ఈక్వలైజర్ పెట్టకండి. నాయిస్ తెల్లగా (అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా) ఉందన్న లెక్కమీదే విటర్బీ యూక్లిడియన్ మెట్రిక్ (దూరపు కొలత) నడుస్తుంది, ఈక్వలైజర్ ఆ నాయిస్‌కి రంగు పులుముతుంది.

ట్రెలిస్ బ్లాకుల వివరణలు ఇంకాస్త విపులంగా ఉంటే బాగుండేది. మొదటి స్టేట్, చివరి స్టేట్ తెలియనప్పుడు -1 ఇవ్వాలి, ఇది గుర్తుపెట్టుకోండి. బ్లాక్ పొడవు (ఒక్కసారికి తీసుకునే సింబల్స్ సంఖ్య) మరీ పెంచితే ఫలితం అంత ఆలస్యంగా వస్తుంది.

ఒక్కో సింబల్‌కి 64 విలువలుండే 64 క్వామ్‌తో, నాలుగు సింబల్స్ జ్ఞాపకం ఉన్న చానల్‌మీద విటర్బీ నడపాలనుకుంటే మాత్రం ఆశ వదులుకోండి: స్టేట్‌లు 1,67,77,216. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అది భారమే. అక్కడ గ్నూ రేడియోలోనే ఉన్న డెసిషన్ ఫీడ్‌బ్యాక్ ఈక్వలైజర్ (గత సింబల్స్‌పై తన నిర్ణయాలను వాడుకునేది) నయం, ఒక తప్పు నిర్ణయం తర్వాతి వాటినీ చెడగొట్టవచ్చని తెలుసుకుని వాడితే.