పంచాయతీ లేఅవుటా, అప్రూవ్డ్ ప్లాటా, సెంట్ల లెక్కన పొలమా, ఊళ్లో పాతిల్లా: ఏది మేలు?

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బో, మిలటరీ నుంచి దిగినప్పుడు చేతికందిన సొమ్మో, హైదరాబాదులో పనిచేస్తున్న పిల్లలు పంపిందో పదిహేను ఇరవై లక్షలు పోగయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముందు తట్టే ఆలోచన స్థలం కొనడమే. ఆ డబ్బుకు వచ్చేవి నాలుగు రకాలు. అప్రూవ్డ్ లేఅవుట్‌లో చిన్న ప్లాటు, పంచాయతీ లేఅవుట్‌లో కాస్త పెద్ద ప్లాటు, రోడ్డుకు లోపలగా సెంట్ల లెక్కన పొలం, సొంతూళ్లో పాత పెంకుటిల్లు. రెండు రకాల ప్లాట్ల గజం ధర ఒక్కటే పక్కపక్కన పెట్టి చూస్తే పంచాయతీ ప్లాటే నెగ్గుతుంది. అందుకే అది ఎక్కువగా అమ్ముడుపోతుంది, ఎక్కువ మంది ఇబ్బంది పడేదీ అక్కడే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ భూమికైనా మూడు ప్రశ్నలుంటాయి. ఇది ఎవరిది, ఏ రకం భూమి? దీన్ని దేనికి వాడుకోవచ్చు? దీన్ని ప్లాట్లుగా కోసి అమ్మడానికి అనుమతి ఉందా? మొదటి దానికి జవాబు రెవెన్యూ వాళ్ల దగ్గర, అంటే తహసీల్దార్ ఆఫీసులో ఉంటుంది. రెండోది మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఏ జాగా దేనికి వాడాలో ప్రభుత్వం గీసిన పటంలో ఉంటుంది. మూడోది లేఅవుట్ మంజూరు చేసే ప్లానింగ్ అధికారుల దగ్గర ఉంటుంది. బ్రోకరు మొదటి కాగితం చూపించి మూడో ప్రశ్నకు జవాబు చెప్పినట్టు మాట్లాడతాడు. "పట్టా భూమే బాబూ, పాస్‌బుక్ కూడా ఉన్నాది" అంటాడు. పాస్‌బుక్ ఉంటే ఆ రైతు అమ్ముకోవచ్చు, అంతే. అక్కడ మీరు ఇల్లు కట్టుకోవచ్చో లేదో ఆ పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు.

రిజిస్ట్రేషన్ సంగతీ ఇంతే. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర శాతం కట్టి దస్తావేజు చేతికి తెచ్చుకున్నాక అన్నీ అయిపోయాయనే అనిపిస్తుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జరిగేది అమ్మకాన్ని నమోదు చేయడం. లేఅవుట్ సక్రమమని వాళ్లు హామీ ఇవ్వరు.

ఇక ఎక్కువ మంది తేల్చుకోలేని పోటీ, అప్రూవ్డ్ ప్లాటుకూ పంచాయతీ ప్లాటుకూ మధ్య. అప్రూవ్డ్ అంటే, విజయనగరం, భోగాపురం, డెంకాడ, కొత్తవలస వైపు వీఎంఆర్‌డీఏ, శ్రీకాకుళం చుట్టుపక్కల సుడా, బొబ్బిలి వైపు బుడా అనే అభివృద్ధి సంస్థలు, వీటి పరిధి దాటిన గ్రామాల్లో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ, అంటే డీటీసీపీ, పరిశీలించి నెంబరు ఇచ్చిన లేఅవుట్. పంచాయతీ లేఅవుట్ అని జనం పిలిచేదానికి చాలాసార్లు ఉండేది కార్యదర్శి సంతకం, పంచాయతీ తీర్మానం, ఒక ముద్ర. నిజానికి గ్రామ పంచాయతీ తనంతట తాను లేఅవుట్ మంజూరు చేయడానికి లేదు. 2002 నాటి పంచాయతీ లేఅవుట్ నిబంధనల్లోనే ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం తప్పనిసరి. కాబట్టి ఇది "చిన్న అప్రూవల్, పెద్ద అప్రూవల్" తేడా కాదు. ఒకదానికి అనుమతి ఉంది, రెండోదానికి లేదు.

అలాంటప్పుడు ధరలో అంత తేడా ఎందుకు? లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఎకరం అంటే 100 సెంట్లు, 4,840 గజాలు. అనుమతి తీసుకునేవాడు అందులో వెడల్పు రోడ్లు వదలాలి, 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, కాలువలు, కరెంటు, నీళ్లు పెట్టాలి. చివరికి అమ్ముకోవడానికి 2,700 గజాలు మిగిలాయనుకుందాం. అనుమతి లేనివాడు ఇరవై అడుగుల దారులు గీసి, పార్కు అన్నమాటే లేకుండా 3,500 గజాలు అమ్ముతాడు. ఎకరం 40 లక్షలకు కొన్నారనుకుంటే మొదటివాడికి గజం 1,480 రూపాయల దాకా పడుతుంది, రెండోవాడికి 1,140. ఆ 340 రూపాయల తేడా ఎక్కడిదంటే మీ ఇంటి ముందు రోడ్డు వెడల్పులోంచి, మీ పిల్లలు ఆడుకోవాల్సిన జాగాలోంచి తీసినదే. మీకు చవగ్గా ఇస్తున్నట్టు కనిపిస్తున్నది మీకు రావాల్సిన దాన్నే కోసి ఇవ్వడం.

ఇంకో తేడా దస్తావేజుల్లో ఉంటుంది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, ఖాళీ స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా రాసిచ్చేస్తారు. ఆ తరవాత అవి ఎవరి సొంతమూ కావు. అనుమతి లేనిచోట కాగితం మీద పచ్చరంగు వేసి "పార్కు" అని రాసిన ముక్క ఇంకా పాత యజమాని పేరునే ఉంటుంది. పదేళ్ల తరవాత వాళ్ల వారసులు దాన్నీ అమ్మేస్తే ఆపే కాగితం మీ దగ్గర ఉండదు. దారుల విషయంలోనూ ఇదే భయం ఉంది.

అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాను దొరికితే తీరిగ్గా చూడండి. కింద కుడి మూల గళ్లలో ఎల్.పీ. నెంబరు (లేఅవుట్ అనుమతి నెంబరు), సంవత్సరం, సర్వే నెంబర్లు, ఆమోదించిన అధికారి సంతకం ఉంటాయి. కొన్ని ప్లాట్ల మీద అడ్డగీతలు గీసి ఉంటాయి. అవి తనఖా ప్లాట్లు. 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం యజమాని 15 శాతం ప్లాట్ల స్థలాన్ని అథారిటీకి తనఖా పెట్టాలి. రోడ్లు, కాలువలు పూర్తయ్యాకే అది విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ అడ్డగీతల్లో ఉంటే, విడుదల కాగితం చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్లాను పైన "తాత్కాలిక" అని ఉందో "తుది" అని ఉందో కూడా చూడాలి. తాత్కాలిక ఆమోదంతో పనులన్నీ అయిపోయినట్టు కాదు.

ఒక జాగ్రత్త. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నెంబరు బదులు ఎల్‌పీఎం నెంబరు వచ్చింది. అది భూమి ముక్కకు పెట్టిన గుర్తింపు మాత్రమే. దాన్ని చూపించి "ఎల్.పీ. నెంబరు ఉంది కదండీ" అంటే అది లేఅవుట్ అనుమతి కాదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. రెరా వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.

"ఎల్ఆర్ఎస్ కట్టేస్తే సరిపోతుంది కదా" అన్న మాట బాగా వినిపిస్తోంది. 2020లో ఒకసారి, 2025లో ఇంకోసారి అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లకు రుసుం కట్టించుకుని ప్రభుత్వం ఈ క్రమబద్ధీకరణ అవకాశం ఇచ్చింది. అది ఒక నిర్ణీత తేదీకి ముందు రిజిస్టరైన ప్లాట్లకు ఇచ్చిన వెసులుబాటు. ఇవాళ కొనేవాడికి హామీ కాదు. చెరువు గర్భంలో, ప్రభుత్వ భూమిలో, మాస్టర్ ప్లాన్ రోడ్డులో పడిన ప్లాటు ఎంత రుసుం కట్టినా క్రమబద్ధం కాదు. ఇప్పటికే కొనేసి ఉన్నవాళ్లకు ఎల్ఆర్ఎస్ మంచి దారే. కొత్తగా కొనేవాళ్లు దాన్ని నమ్ముకుని దిగకూడదు. క్రమబద్ధం కాని ప్లాటులో ఇంటి ప్లాను పాస్ కాదు, బ్యాంకు లోన్ ఇవ్వదు, తిరిగి అమ్ముదామంటే మళ్లీ అలాంటి కొనుగోలుదారే దొరకాలి.

గెడ్డల, అంటే వాగుల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తహసీల్దార్ ఆఫీసులో ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్ తీయించండి. పొలం అంచులు కొలతలతో గీసి ఉంటాయి. మధ్యలోంచో పక్కనుంచో వంకర తిరుగుతూ పోయే జంట గీత కనిపిస్తే అది గెడ్డో పంట కాలువో అయి ఉంటుంది. లేఅవుట్ దగ్గరకెళ్తే అదే చోట రెండు సిమెంటు తూములు పడేసి, పైన ఎర్రమట్టి తోలి, రోడ్డులా చదును చేసి ఉంటుంది. ఏప్రిల్‌లో చూస్తే ఏ తేడా తెలీదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టినప్పుడు నీళ్లు తమ దారి తాము వెతుక్కుంటాయి, ఆ దారిలోనే కొత్త ఇళ్ల గుమ్మాలుంటాయి. కుదిరితే ఒక గట్టి వాన వెలిసిన మర్నాడు స్థలం చూడండి. వంద కాగితాలు చెప్పని మాట ఆ తడి చెబుతుంది.

ఇక పొలం. పది పదిహేను సెంట్లు కొని ఉంచుకుంటే విమానాశ్రయం దెబ్బకు రేటు పెరుగుతుందన్న ఆశ భోగాపురం చుట్టూ బలంగా ఉంది. మూలపేట పోర్టు వైపు, సంతబొమ్మాళి మండలంలోనూ ఇదే మాట. పొలం కొనడం తప్పు కాదు, జిరాయితీ (సొంత పట్టా) భూమి అయితే, అడంగల్, 1-బీ అనే రెవెన్యూ రికార్డులు మీభూమి వెబ్‌సైట్‌లో సరిగ్గా ఉంటే, దారి ఉంటే. బండి దారి కూడా లేని పొలం లెక్కలో మాత్రమే ఆస్తి. కానీ దాన్ని ఇంటి స్థలంగా భావించి కొనేవాళ్లు రెండు వేర్వేరు పనుల్ని ఒకటిగా అనుకుంటున్నారు. నాలా అని పిలిచే మార్పిడి రెవెన్యూ వ్యవహారం. సాగు భూమిని సాగేతర భూమిగా మార్చే ఆ చట్టం 2006 నాటిది. 2025లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, రుసుము వ్యవహారం లేఅవుట్, ఇంటి అనుమతుల దగ్గరకు మారింది. రెండోది జోన్ మార్పు. వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ 2041 సంవత్సరం దాకా అవసరాల లెక్కతో వేసింది. అందులో ఆ సర్వే నెంబరు వ్యవసాయ జోన్‌లో ఉంటే భూ వినియోగ మార్పుకు ప్రభుత్వం దాకా దరఖాస్తు వెళ్లాలి, వస్తుందన్న గ్యారంటీ లేదు. పాత నాలా కాగితం చూపించి "కన్వర్షన్ అయిపోయింది" అన్నవాళ్లను జోన్ ఏంటని అడగండి. భోగాపురం, పూసపాటిరేగ తీరం దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలకు ఆంక్షలున్న ప్రాంతం) గీత ఎక్కడుందో కూడా చూడాలి. విమానాశ్రయం చుట్టూ భవనాల ఎత్తుకూ హద్దులుంటాయి.

డి-పట్టా భూమి, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, సగం ధరకు వస్తుందంటే ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. 20 ఏళ్లు దాటిన వాటికి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది గానీ, ఆ సర్వే నెంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే 22ఏ నిషేధిత జాబితాలోంచి బయటకొచ్చిందా అన్నది చూడకుండా ఏదీ నమ్మలేం. విజయనగరం చుట్టుపక్కల దేవాదాయ, ట్రస్టు భూములు కూడా ఆ జాబితాలో వెతకాల్సినవే. రాజాం, సంతకవిటి వైపు కొనేవాళ్లకు ఒక చిన్న చిక్కు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి పాత దస్తావేజుల్లో శ్రీకాకుళం జిల్లా అని, కొత్తవాటిలో విజయనగరం అని ఉంటుంది. భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీసేటప్పుడు కనీసం ముప్పై ఏళ్లకు తీయించుకోండి.

ఊళ్లో పాతిల్లు అంటే జనం చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో అది తక్కువదేం కాదు. గ్రామకంఠంలో, అంటే ఊరు నిలిచిన భూమిలో ఉన్న స్థలం ఇళ్ల కోసం ఉన్నదే, జోన్ గొడవ తక్కువ. కుళాయి ఉంది, కరెంటు ఉంది, వానకు నీళ్లెటు పోతాయో ఊరందరికీ తెలుసు. కష్టం హక్కు కాగితంలో ఉంది. గ్రామకంఠమంతా ఒకే సర్వే నెంబరుగా ఉండటంతో ఎవరి ఇల్లు ఎంతో రెవెన్యూ రికార్డులో విడిగా ఉండేది కాదు. ఇంటిపన్ను రసీదే ఆధారం. 2020లో మొదలైన స్వామిత్వ సర్వేతో ఇంటింటికీ ఆస్తి కార్డులు ఇచ్చే పని సాగుతోంది. మీకు నచ్చిన ఇంటికి ఆ కార్డు వచ్చిందేమో అడగండి. ఇంకో సంగతి, మన ఊళ్లలో ఇళ్లు వరసగా ఉమ్మడి గోడలతో ఉంటాయి. అవతలి ఇంటివాళ్లతో గోడ ఎవరిదో రాయించుకోకుండా పెంకులు దించితే పునాది దగ్గరే పేచీ మొదలవుతుంది. అన్నదమ్ములూ ఆడపడుచులూ అందరి సంతకాలూ ఉండాలి, ఒక్కరిది తగ్గినా కొనకూడదు.

ఏది మేలు? ఇల్లు కట్టుకుని ఉండాలనుకునేవాళ్లు పంచాయతీ లేఅవుట్‌లో 200 గజాలకు బదులు అప్రూవ్డ్ లేఅవుట్‌లో 130 గజాలు కొనుక్కోండి. రెండో ఆలోచన అక్కర్లేదు. సొంతూళ్లోనే ముసలితనం గడపాలనుకునేవాళ్లకు, కుటుంబంలో తగాదాలు లేకపోతే, ఊళ్లో పాతిల్లే అన్నిటికన్నా ముందు. పొలం సాగు చేసేవాడికి, లేదా పదేళ్లు ఆ డబ్బు ముట్టకుండా ఉండగలిగేవాడికి సరిపోతుంది, పిల్ల పెళ్లికి దాచిన సొమ్ముకు కాదు. ఎల్ఆర్ఎస్ పూర్తయి, క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాగితం చేతిలో ఉన్న పాత పంచాయతీ ప్లాటు రీసేల్‌కు వస్తే మాత్రం చూడొచ్చు. దరఖాస్తు పెట్టిన రసీదు చూపిస్తే అది ఉత్తర్వు కాదు.

లేఅవుట్ ప్లాటు ఎంచుకుంటే అడ్వాన్సు ఇచ్చే రోజు రాసుకునే అగ్రిమెంటులో ఎల్.పీ. నెంబరు, ప్లాటు తనఖాలో లేదన్న మాట, మాస్టర్ ప్లాన్ రోడ్డులో పోవడం లేదన్న మాట, ఈ మూడిట్లో ఏది అబద్ధమని తేలినా అడ్వాన్సు వెనక్కిస్తామన్న షరతు రాయించండి. రాయడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.