మేపుల్ సిరప్ సామాన్లు: దేనికి ఖర్చు పెట్టాలి, ఏది దండగ

అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో మా పెరటి వెనకున్న మేపుల్ చెట్లకు ఏటా ఫిబ్రవరి నెలాఖరులో ట్యాపులు (కాండానికి రంధ్రం చేసి బిగించే చిన్న గొట్టాలు) పెట్టి, కారిన రసాన్ని ఇంట్లోకి తియ్యటి సిరప్‌గా కాచుకుంటున్నాం. అమ్మకానికి కాదు. ఇంటికి సరిపోగా మిగిలింది తెలిసినవాళ్ళకి పంచుతాం. ఇన్నేళ్ళూ చౌక సామాన్లతోనే లాక్కొచ్చాను కాబట్టి ఏది నిలబడిందో, ఏది మూలన పడిందో చెప్పగలను. చెట్టు దగ్గర ఎంత పిసినారితనం చేసినా నష్టం లేదు. పొయ్యి దగ్గరా, వడకట్టే దగ్గరా చేస్తే మాత్రం సిరప్‌లో తెలిసిపోతుంది.

కారణం రసంలోనే ఉంది. చెరుకు రసంతో బెల్లం వండేవాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, మేపుల్ రసంలో చక్కెర రెండు శాతం అటూఇటూగా ఉంటుంది, అంతే. ఇక్కడివాళ్ళ లెక్క తేలిక: 86ని రసం బ్రిక్స్‌తో (అంటే తీపి శాతంతో) భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల రసం కావాలో వస్తుంది. రెండు బ్రిక్స్ ఉంటే 43 గ్యాలన్లు. మా దగ్గర ఎక్కువగా ఉన్నవి రెడ్ మేపుల్స్. వాటి రసంలో తీపి షుగర్ మేపుల్ కంటే తక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ కాచాలి. అంటే మనం కొనే ప్రతి వస్తువూ నీళ్ళు వదిలించుకోవడానికే.

ట్యాపుల విషయానికొస్తే, 5/16 అంగుళాల ప్లాస్టిక్‌వే చాలు. గాయం చిన్నది, చెట్టు త్వరగా మాన్చుకుంటుంది. కాండం కనీసం 10-12 అంగుళాల అడ్డుకొలత ఉన్న చెట్టుకే పెట్టాలి. రంధ్రం చేసే డ్రిల్ బిట్ మాత్రం కొత్తది, పదునుది కొనండి. ఒకటిన్నర అంగుళాల లోతు వెళ్ళాక బయటికొచ్చే పొట్టు తెల్లగా ఉంటే మంచి కలప తగిలినట్టు. గోధుమరంగులో ఉంటే అది పాత గాయం, ఇంకో చోటు చూసుకోవాలి. మూతలున్న రేకు బకెట్లు ఫొటోలకి బాగుంటాయి గానీ, నేను వాడేది సూపర్ మార్కెట్ బేకరీవాళ్ళు ఊరికే ఇచ్చేసే ఐసింగ్ బకెట్లు. ఫుడ్ గ్రేడ్‌వి, మూత కూడా ఉంటుంది. మూతకి రంధ్రం చేసి ట్యూబ్ దూర్చేస్తే వానా, పురుగులూ పడవు. ఊరగాయ బకెట్లు ఊరికే ఇచ్చినా వద్దు, ఆ వాసన ఎన్ని కడుగులు కడిగినా పోదు. పాత సామాన్ల దుకాణాల్లో దొరికే బకెట్లు అసలే వద్దు. వాటి అతుకుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

ఇక పొయ్యి. టర్కీ ఫ్రయ్యర్ బర్నర్ (ఆరుబయట వాడే పెద్ద గ్యాస్ పొయ్యి) మీద పొడుగాటి గిన్నె పెట్టి కాచడం అందరూ మొదలెట్టే పద్ధతి. పనికొస్తుంది గానీ మెల్లగా. లోతు ఎంతున్నా లాభం లేదు, ఆవిరి పోవాలంటే వెడల్పు కావాలి. చదునైన పాన్‌లో ఒక చదరపు అడుగుకి గంటకి సుమారు ఒక గ్యాలన్ ఆవిరవుతుందని లెక్క. అందుకే సిండర్ బ్లాకులు (గోడలు కట్టే బోలు సిమెంటు దిమ్మెలు) పేర్చి కట్టెల పొయ్యి కట్టి, పైన హోటళ్ళలో బఫేకి వాడే స్టీల్ పాన్లు మూడు వరసగా పెట్టాను. ఒక్కో పాన్ పాతిక ముప్పై డాలర్లు. అడుగు నల్లబడి కాస్త వంగాయి గానీ ఇప్పటికీ కారలేదు. బ్లాకులే వేడికి పగులుతాయి, అప్పుడప్పుడు మార్చాలి. చల్లటి రసం నేరుగా పోస్తే మరుగు ఆగిపోతుంది, అందుకే ఒక పాన్ కేవలం వెచ్చబెట్టడానికే. నురుగు పొంగితే ఇక్కడివాళ్ళు వెన్న వేస్తారు, మా ఇంట్లో నెయ్యి చుక్క. వంటింట్లో మాత్రం కాచకండి, అంత ఆవిరికి గోడల రంగు లేచిపోతుంది.

కట్టెలు లేనివాళ్ళు గ్యాస్ లెక్క ముందే వేసుకోవాలి. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌తో ఇరవై గ్యాలన్లకు కాస్త పైగా నీళ్ళు ఆవిరవుతాయి. అంటే అర గ్యాలన్ సిరప్. షాపులో కొన్నదానికంటే చవగ్గా పడుతుందని ఎవరైనా అంటే గ్యాస్ బిల్లు చూపించమనండి.

నేను కొన్నవాటిలో నిజంగా గిట్టుబాటైంది చిన్న ఆర్‌వో సెట్. ఇళ్ళలో నీళ్ళకి వాడే మెంబ్రేన్లే, బూస్టర్ పంపుతో ఒక బకెట్‌కి బిగించి అమ్ముతారు. కాచకముందే రసంలోంచి కొంత నీటిని వేరు చేసేస్తుంది. ధర మూడొందల డాలర్ల దగ్గర్లో. రెండు బ్రిక్స్ రసాన్ని నాలుగుకి తెస్తే కాచాల్సింది సగమే, కట్టెలూ సగమే. దీనికి రెండు షరతులు. మెంబ్రేన్ గడ్డకట్టకూడదు, ఎండిపోకూడదు. గ్యారేజీలో రాత్రి వదిలేసే సామాను కాదిది.

చివరి పాకం దగ్గర థర్మామీటర్‌ని నమ్ముకోవద్దు. నీరు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువైతే సిరప్ అయినట్టేగానీ, గాలి ఒత్తిడిని బట్టి ఆ మరిగే వేడే రోజుకోలా ఉంటుంది. చవక క్యాండీ థర్మామీటర్ తప్పు దానికి తోడు. గరిటె అంచు నుంచి చుక్కలుగా కాక రేకులా జారితే దగ్గరపడ్డట్టు. అప్పుడు హైడ్రోమీటర్ (సిరప్‌లో తేలి చిక్కదనం చూపే గాజు పరికరం) తీయాలి. వేడి సిరప్‌ని పొడుగాటి గొట్టంలో పోసి అందులో దీన్ని వదిలి, వేడి సిరప్‌కని దానిమీద గీసిన ఎర్ర గీత దాకా తేలిందా చూస్తే చాలు. పలచగా ఉంటే బూజు పడుతుంది, మరీ చిక్కబడితే సీసా అడుగున స్ఫటికాలు కడతాయి. హైడ్రోమీటర్‌ది సన్నటి గాజు, సింక్ అంచు తగిలితే చాలు పగలడానికి, రెండు కొని పెట్టుకోండి. రిఫ్రాక్టోమీటర్ (ఒక చుక్క వేసి తీపి శాతం చూసే పరికరం) రసానికి బాగుంది, మరిగే సిరప్‌కి కాదు.

వడపోతకి కాఫీ ఫిల్టర్లతో తిప్పలు పడకండి. సిరప్ చిక్కబడేకొద్దీ దాంట్లో సన్నటి ఇసుకలాంటి ఖనిజాలు తేలతాయి, కాగితం నిమిషంలో మూసుకుపోతుంది. ఫెల్ట్ కోన్ (మందపాటి గుడ్డతో చేసిన గరాటులాంటి సంచి), దానిలోపల పలచటి ప్రీఫిల్టర్లు నాలుగైదు పొరలుగా వాడండి. ఒకటి మూసుకుపోతే దాన్ని లాగేస్తే కింది పొర పని చేస్తుంది. వేడినీళ్ళతోనే కడగాలి. సబ్బు తగిలితే ఆ వాసన మళ్ళీ ఏడాది సిరప్‌లోనూ ఉంటుంది.

వెయ్యి డాలర్లు దాటిన రెడీమేడ్ ఎవాపరేటర్ల (పొయ్యీ పాన్లూ కలిపి అమ్మే రసం కాచే యంత్రాల) వైపు ఏటా చూస్తూనే ఉంటాను. పాతిక ట్యాపులు దాటితే కొంటానేమో. ఈ పది పన్నెండు బకెట్లకి బ్లాకుల పొయ్యే చాలు.