తుమ్ముల ఎలర్జీకి ఏది మేలు: టాబ్లెట్టా, స్ప్రేనా, సూదులా?

అక్టోబరు వానలు పడ్డాయంటే తిరుపతి చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ మోకాళ్ళెత్తు లేచి తెల్లగా పూస్తుంది. ఇక కొందరికి పొద్దున లేవగానే వరస తుమ్ములు, కళ్ళ దురద, రాత్రి పడుకుంటే ముక్కు దిబ్బడ. చిత్తూరు వైపు చాలామంది మామిడి పూతను తిడతారు. పాపం, ఆ పుప్పొడిని మోసేది ఈగలు, పురుగులు. గాలిలో అది ఎక్కువ దూరం పోదు. చాలాసార్లు అసలు కారణం వయ్యారిభామ, గడ్డి పుప్పొడి, లేదంటే ఏడాది పొడవునా మన పరుపులోనే కాపురముండే, కంటికి కనబడనంత చిన్న పురుగులు, డస్ట్ మైట్లు.

మందుల షాపులో మొదట చేతికొచ్చేది సెట్రిజిన్. గంటలో తుమ్ములు, దురద, నీళ్ళు కారడం తగ్గుతాయి. ముక్కు దిబ్బడకు మాత్రం పెద్దగా పనికిరాదు, అది లోపలి వాపు కాబట్టి. పైగా కొందరికి మత్తు. కొండకు ట్యాక్సీ తోలేవాళ్ళు ఇది వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కకపోవడమే మంచిది. వాళ్ళకు ఫెక్సోఫెనడిన్ నయం, మత్తు చాలా తక్కువ. దాన్ని నీళ్ళతోనే మింగాలి. పండ్ల రసంతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. ఎలర్జీకి, ఆస్తమాకు ఇచ్చే మరో మందు మాంటెలుకాస్ట్. అది కలిసిన టాబ్లెట్లను మాత్రం సొంతంగా కొని నెలల తరబడి వాడొద్దు. అది కొందరిలో దిగులు, పీడకలలు, మనసులో మార్పులు తెస్తోందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరికే పెట్టింది. మామూలు ముక్కు ఎలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే దాన్ని వాడమంది.

స్ప్రే దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు వెనకడుగు వేస్తారు. "స్టెరాయిడా? వద్దు నాయనా, ఒళ్ళు ఉబ్బుతుంది" అనే అవ్వ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు, కీళ్ళ నొప్పులకు అడ్డగోలుగా స్టెరాయిడ్ మాత్రలు మింగి ఉబ్బినవాళ్ళను చూసే ఉంటుంది. కానీ ముక్కులో కొట్టే స్టెరాయిడ్ మందు ఫ్లుటికాసోన్ స్ప్రేలో ఒక్కో నొక్కుకు వచ్చేది 50 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాము కావాలంటే 20 సార్లు నొక్కాలి. అదీ ముక్కులోనే పనిచేస్తుంది, రక్తంలోకి పోయేది చాలా కొద్ది. దిబ్బడ, తుమ్ములు, నీళ్ళు మూడింటికీ టాబ్లెట్ కంటే ఇదే మెరుగు.

మరి "నాకు పనిచేయలేదు" అనేవాళ్ళ సంగతి? ఎక్కువమంది రెండు రోజులు కొట్టి పక్కన పడేస్తారు. పూర్తి ఫలితం రావడానికి రోజూ వాడినా ఒకటి రెండు వారాలు పడుతుంది. కొట్టే పద్ధతి కూడా చూసుకోవాలి. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకుంటే స్ప్రే కొన చెవి వైపు తిరుగుతుంది. నడిమి గోడకు కొడితే అక్కడ ఎండి రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీల్చితే మందంతా గొంతులోకే. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. నిమిషంలో ముక్కు తెరిచే జైలోమెటాజోలిన్ చుక్కలు వేరు, అవీ ఈ స్ప్రే ఒకటే అనుకోవద్దు. అలవాటైపోయేది అవి. వారం దాటితే ముక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది.

కాబట్టి నా మొగ్గు ఇలా ఉంటుంది. అప్పుడప్పుడు వచ్చి పోయే తుమ్ములకు టాబ్లెట్ చాలు. వారంలో నాలుగు రోజులకు మించి, నెలకు పైగా సాగితే స్ప్రే. అది సరిగ్గా వాడినా లొంగకపోతేనే సూదుల మాట.

సూదులంటే మనకు పడనిదాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేయడం. ఈ పద్ధతి పాతదే. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి చూపించాడు. ఇప్పుడూ అంతే. మొదట వారం వారం, తర్వాత నెలకొకటి, మొత్తం మూడు నుంచి ఐదేళ్ళు. టాబ్లెట్, స్ప్రే ఆపితే ఎలర్జీ మళ్ళీ మొదలు. దీని ఫలితం మాత్రం ఆపాక కూడా కొన్నేళ్ళు నిలుస్తుంది. అయితే ప్రతి సూది తర్వాతా అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి, అరుదుగానైనా ప్రాణాపాయం రావచ్చు. అలాంటప్పుడు వెంటనే ఇచ్చే మందు అడ్రినలిన్ చేతికందే చోటే వేయించుకోవాలి. ఆస్తమా అదుపులో లేనివాళ్ళకు అసలే కుదరదు. నెలనెలా సెలవు దొరకని ఉద్యోగమైతే సగంలో మానేసే అవకాశమే ఎక్కువ, అప్పుడు డబ్బు, కాలం రెండూ దండగ.

ఈ సూదులు ఎందుకు పనిచేస్తాయో ఇప్పుడు కొంత తెలుసు. రోగనిరోధక వ్యవస్థకు బ్రేకులు వేసే రెగ్యులేటరీ టి కణాలను ఇవి బలపరుస్తాయి. ఆ కణాల గుట్టు విప్పినందుకే సకగుచి, బ్రంకో, రామ్‌స్‌డెల్‌లకు 2025లో వైద్య నోబెల్ వచ్చింది. ఆ బ్రేకులు తప్పితే ఒళ్ళు తన మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులూ వస్తాయి. వాటికి ఈ కణాలతోనే వైద్యం చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి, మన షాపుల దాకా ఇంకా రాలేదు.

సూదులకే మొగ్గితే ముందు చర్మం మీద గుచ్చి ఏది పడదో చూస్తారు. ఆ టెస్టుకు సుమారు వారం ముందు నుంచే సెట్రిజిన్ లాంటివి ఆపాలి, ఎన్ని రోజులన్నది డాక్టరును అడగండి. లేకపోతే ఎలర్జీ ఉన్నా గుచ్చినచోట దద్దుర్లు రావు, టెస్టు తప్పు చెబుతుంది, చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రి దాకా పోయినవాళ్ళు ఊరికే తిరిగి రావాలి. స్ప్రే మాత్రం ఆపనక్కర్లేదు.