మార్కెట్లో లేని షూకి ఒక సమీక్ష

ఈ సమీక్ష చదివి ఈ షూ కొందామనుకుంటే కుదరదు. కంపెనీ దీన్ని తయారు చేయడం ఆపేసింది. అదే పేరుతో, అదే రంగు డబ్బాలో ఇప్పుడు అమ్ముతున్నది వేరే షూ. పాతదాని మీద జనం రాసిన పొగడ్తలు చదివి కొత్తది కొనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే మాటంతా కంపెనీ మీదికి పోతుంది. పైగా పల్చటి సోల్ షూలో పరిగెత్తే వాళ్ళెవరికైనా, ఏ కంపెనీ దగ్గరైనా, ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బే ఇది.

ముందు షూ సంగతి. కింద 4 మిల్లీమీటర్ల రబ్బరు, లోపల తీసి ఉతుక్కోగలిగే 3 మిల్లీమీటర్ల అట్ట, పైన జాలీ గుడ్డ. అంతే. మామూలు రన్నింగ్ షూలో మడమ వేళ్ళకంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. ఈ తేడాని డ్రాప్ అంటారు. ఇందులో డ్రాప్ సున్నా. మడమ వెనక గట్టి కప్పు లేదు, అరికాలి వంపు కింద దిమ్మ లేదు. తడి తువ్వాలు పిండినట్టు రెండు చేతుల్తో మెలిపెట్టొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ముందు భాగం పాదం ఆకారంలో ఉంటుంది. బొటనవేలు బొటనవేలు చోటే ఉంటుంది, చిటికెన వేలు పక్కదాని మీదికి ఎక్కదు. ఆడవాళ్ళ మోడల్లో ఇంత వెడల్పు లేదు, అందుకని నేను మొదటి నుంచీ మగవాళ్ళదే, ఏడో నంబరు, కొనేదాన్ని.

"చెప్పుల్లేనట్టుండే చెప్పులకి ఇంత డబ్బా?" అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మా అనంతపురం వైపు పల్లేరుకాయలు తప్పించుకుంటూ ఉత్తకాళ్ళతో తిరిగి పెరిగినదాన్ని, బెంగుళూరు వచ్చి అదే సుఖాన్ని డబ్బు పెట్టి కొంటున్నాను మరి.

ఎన్నో ఏళ్ళు, ఒక జత తర్వాత ఒక జతగా, ఇందులోనే పరిగెత్తాను. లాల్‌బాగ్‌లో ఆ పెద్ద బండ ఉంది కదా, కెంపేగౌడ బురుజు ఉన్నది, సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అంటారు. దాని మీద ఈ షూ పట్టు అద్భుతం, కానీ వాన పడిన మర్నాడు మాత్రం నాచు మీద జారుతుంది. కబ్బన్ పార్కులో వెదురు పొదల కింద మట్టి దారి దీనికి సరిగ్గా సరిపోయే నేల. ఆకులు, వేర్లు, మెత్తటి మట్టి అన్నీ కాలికి తెలుస్తాయి. బీటీఎం లేఔట్ ఫుట్‌పాత్ రాతి పలకల మీద మాత్రం కళ్ళు నేల మీదే ఉండాలి. ఒక పలక ఎత్తు, ఒక పలక పల్లం, మధ్యలో కేబుల్ వాళ్ళు తవ్వి వదిలేసిన గుంత. మందపాటి షూలో ఇవేవీ తెలియవు, తెలిసేసరికి చీలమండ మడతపడి ఉంటుంది. పల్చటిదాంట్లో అడుగు వంకరగా పడబోతుండగానే తెలిసిపోతుంది, కాలు తనంతట తనే సర్దుకుంటుంది. తార్రోడ్డు మీద ఎక్కువ దూరం పరిగెత్తితే పాదం ముందు భాగం మంట పెడుతుంది. ఆ మాట దాచడం అన్యాయం. కంకర పోసిన దారిలో అయితే ప్రతి రాయికీ దండం పెట్టాల్సిందే.

మినిమలిస్ట్, అంటే వీలైనంత తక్కువ సామానుతో చేసిన షూ, అనే మాటని ఎవరికి తోచినట్టు వాళ్ళు డబ్బా మీద అచ్చేసుకుంటుంటే, 2015లో 11 దేశాలకి చెందిన 42 మంది నిపుణులు కలిసి దానికో నిర్వచనం, ఒక మార్కుల పద్ధతి తయారు చేశారు. బరువు, సోల్ మందం, డ్రాప్, వంగే గుణం, పాదాన్ని అదుపులో పెట్టే దిమ్మల్లాంటివి, ఈ ఐదింటికీ తలా 5 మార్కులు. బరువు 125 గ్రాముల లోపు, మందం 8 మిల్లీమీటర్ల లోపు, డ్రాప్ 1 మిల్లీమీటరు లోపు ఉంటే పూర్తి మార్కులు. అదుపు చేసే సామాను ఏదీ లేకపోతే దానికీ పూర్తి మార్కులే. నా పాత షూ ఒక్క బరువు దగ్గరే మార్కులు పోగొట్టుకుంది. వంటింటి త్రాసు మీద పెడితే 180 గ్రాములు దాటింది. మిగతా అన్నిట్లో ఫస్టే.

మరి కొత్తది? డబ్బా మీద "మరింత సౌకర్యం" అని ఉంది. లోపల చూస్తే సోల్ మందం రెట్టింపయింది, మడమ 4 మిల్లీమీటర్లు పైకి లేచింది, మడమ వెనక గట్టి కప్పు వచ్చింది, అన్నిటికంటే ఘోరం, ముందు భాగం మొన తేలింది. షూని ఒక అచ్చు మీద కుడతారు, పాదం ఆకారంలో ఉండే దిమ్మ అది, దాన్ని లాస్ట్ అంటారు. అచ్చు మారితే షూ మారినట్టే, పైన ఏ పేరు రాసినా. కొత్తది తొడుక్కుని అగర చెరువు చుట్టూ పరిగెత్తి వచ్చేసరికి చిటికెన వేలి పక్కన బొబ్బ. ఇంకొన్నాళ్ళు వేసి చూశాను, అలవాటవుతుందేమో అని. బొబ్బ గట్టిపడి కాయ అయింది తప్ప షూ మాత్రం ఏమీ సర్దుకోలేదు. ఆఫీసుకి వేసుకెళ్ళడానికి బాగానే ఉంది, జీన్స్ మీదికి నప్పుతుంది. పైన చెప్పిన మార్కులు వేస్తే సగం కంటే కాస్త ఎక్కువ వస్తాయి.

కంపెనీవాళ్ళ లెక్క నాకు అర్థం కాకపోలేదు. మామూలు ఫోమ్ షూని 500 నుంచి 800 కిలోమీటర్లకి మార్చమని చెబుతారు, ఫోమ్ అణిగిపోతుంది కాబట్టి. నా పాత షూలో అణగడానికి ఫోమే లేదు. రబ్బరు అరిగి చిల్లు పడేదాకా వేసుకోవచ్చు. అంత కాలం మళ్ళీ కొట్టుకి రాని కస్టమర్‌ని ఏ కొట్టువాడు ఇష్టపడతాడు? పైగా ప్రతి సైజు సోల్‌కీ విడిగా మూస కావాలి. కొనేవాళ్ళు కొద్దిమంది అయితే ఆ మూసల ఖర్చు గిట్టదు. షాపులో ఐదు నిమిషాలు వేసుకుని చూసేవాళ్ళకి మెత్తగా ఉన్నదే నచ్చుతుంది, గట్టిగా ఉన్నదాన్ని పక్కన పెట్టేస్తారు.

దీనికి తోడు గాలి కూడా మళ్ళింది. 2009, 2010 ప్రాంతంలో ఈ పల్చటి షూల మోజు అమెరికాలో మొదలై ఇక్కడికీ కొంచెం వచ్చింది. 2010లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఉత్తకాళ్ళతో పరిగెత్తే అలవాటున్నవాళ్ళు ఎక్కువగా మడమ కాకుండా పాదం ముందు భాగం ముందు ఆనిస్తారనీ, అందువల్ల నేల తాకినప్పుడు పడే దెబ్బ తక్కువనీ అందులో ఉంది. గాయాలు తగ్గుతాయని వాళ్ళు రుజువు చేయలేదు. అమ్మేవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? 2014లో ఐదు వేళ్ళ షూ (ఒక్కో వేలికి విడిగా అర ఉండేది) చేసే విబ్రమ్ సంస్థ, గాయాలు తగ్గుతాయన్న తన ప్రకటనల మీద అమెరికాలో వేసిన దావాని 37.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. ఆ తర్వాత గాలి పూర్తిగా అటు తిరిగింది, సోళ్ళు లావెక్కుతూ పోయాయి. ఎంతగా అంటే 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పరుగు షూల సోల్ 40 మిల్లీమీటర్లు దాటకూడదని గీత గీయాల్సి వచ్చింది. నా పాత షూలు ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఆ గీతని అందుకోవు.

పల్చటి షూ అభిమానులు ఇథియోపియా రన్నర్ అబెబె బికిలాని తలుచుకోకుండా ఉండరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్ళతో మారథాన్ గెలిచాడు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. నిజమే. 1964లో టోక్యోలో షూ వేసుకుని అంతకంటే 3 నిమిషాలు ముందే వచ్చాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పల్చటి షూ వల్ల నాకు వేగం పెరగలేదు. నా పరుగు నాకు తెలియడం పెరిగింది, నాకదే కావాలి.

ఇప్పుడిప్పుడే ఇటు వద్దామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. 2013లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు మామూలు షూల నుంచి ఐదు వేళ్ళ షూలకి మారుతున్న రన్నర్లని 10 వారాలు గమనించారు. ఎమ్మారై తీస్తే వాళ్ళలో సగానికి పైగా మందికి పాదం ఎముకల మజ్జలో వాపు పెరిగింది. పిక్కలు పట్టేయడం చాలామందికి ఉంటుంది, కొన్నాళ్ళకి పోతుంది. పాదం పైభాగంలో ఎముక మీద ఒకే చోట నొప్పి వస్తే మాత్రం మానేసి డాక్టర్‌ని కలవాలి. మొదట ఇంట్లో, తర్వాత నడకకి, ఆ తర్వాత వారానికి ఒకటి రెండు చిన్న పరుగులకి, మిగతావి మీ మామూలు షూలోనే. నెలల పని ఇది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఈ జోలికి పోకపోవడమే మంచిది.

సరే, పాత స్టాకు వేట. మారతహళ్ళి ఫ్యాక్టరీ ఔట్‌లెట్లన్నీ గాలించాను. ఆ షాపుల్లో సగం మంది తెలుగులోనే మాట్లాడతారు కాబట్టి బతిమాలడం తేలిక. "అక్కా, పదకొండో నంబరుంది, ఇమ్మంటారా?" ఎక్కడికి పోయినా పదకొండే. ఈ దేశంలో పదకొండో నంబరు పాదాలున్నవాళ్ళు ఈ షూ కోసం బెంగ పెట్టుకోనక్కర్లేదు. విదేశం నుంచి తెప్పించుకుందామంటే షూ ధరకి తోడు కొరియర్ ఖర్చు, దాని మీద సుంకం. 2020 బడ్జెట్‌లోనే పాదరక్షల మీద కస్టమ్స్ సుంకాన్ని 25 నుంచి 35 శాతానికి పెంచారు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. మన షాపుల్లో సాధారణంగా చెప్పే నంబరు యూకేది, మగవాళ్ళ షూల్లో అమెరికా నంబరు సాధారణంగా దానికంటే ఒకటి ఎక్కువ. కాబట్టి అంకెని నమ్మకుండా పాదం పొడవుని సెంటీమీటర్లలో కొలిచి పోల్చుకోండి.

చివరికి ఒక ఔట్‌లెట్‌లో నా నంబరే దొరికింది, డబ్బా విప్పని జత. సంబరంగా తెచ్చుకున్నాను. కొద్ది పరుగులకే సోల్ ముందు వైపు నోరు తెరిచింది. గోడౌన్ వేడిలో ఏళ్ళ తరబడి పడి ఉంటే జిగురు ఎండిపోతుంది. ఇది నయం, మళ్ళీ అంటించొచ్చు. పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోల్ అయితే గాల్లో తేమకి లోపలే కుళ్ళి, వాడకపోయినా పొడి పొడిగా రాలిపోతుంది. పాత స్టాకు కొనేటప్పుడు అక్కడే నాలుగైదు సార్లు బాగా వంచి, అంచుల దగ్గర గోరుతో గీరి చూడండి. షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన మదనపల్లె వైపు మనిషి. ఆ జతకి సొల్యూషన్ పూసి, చుట్టూ కుట్టు వేసి ఇచ్చాడు. అరిగి చిల్లు పడిన నా పాత జత కూడా తీసుకెళ్ళి, కింద పల్చటి రబ్బరు షీటు వేయమన్నాను.

"ఇంకా పల్చగానా? లావుది వేస్తానమ్మా, నాలుగు కాలాలు ఉంటుంది."

"వద్దన్నా, నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే పల్చటిది వెయ్యి."

"ఏముందమ్మా ఈ షూలో, ఇంత పట్టుబడతారు?"

"ఏమీ లేదన్నా. అందుకే."

నవ్వి, 3 మిల్లీమీటర్ల షీటు కోసి అంటించాడు. అంచులు కొంచెం మొరటుగా ఉన్నాయి, వంగడం మునుపటంత లేదు. పది కిలోమీటర్ల లోపు పరుగులకి బాగానే నడుస్తోంది. జాలీ గుడ్డ చిరిగేదాకా దీన్ని లాగొచ్చు.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే ఉన్నాయి. జీరో షూస్ అనే అమెరికన్ కంపెనీ 2009లో ఇంట్లోనే కట్టుకునే చెప్పుల కిట్లతో మొదలైంది, మెక్సికోలో తారాహుమారా జనం వేసుకునే తాళ్ళ చెప్పుల పద్ధతిలో. లండన్‌కి చెందిన వివోబేర్‌ఫుట్ వాళ్ళ షూలకీ సోల్ పల్చనే, ముందు భాగం వెడల్పే, కానీ ధర చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఆల్ట్రా కంపెనీ వాళ్ళవి చాలావాటికి డ్రాప్ సున్నా, వేళ్ళకి చోటు కూడా బాగుంటుంది, అయితే కింద ఫోమ్ దండిగా ఉంటుంది. డ్రాప్ సున్నా అని రాసినంత మాత్రాన పల్చటి షూ అనుకోకూడదు, ఈ రెండూ కలిపేసి అమ్మేవాళ్ళు చాలామంది. మా రన్నింగ్ గ్రూపులో ఒకాయన తాళ్ళ చెప్పులతోనే టెన్‌కె, అంటే పది కిలోమీటర్లు, పరిగెత్తేస్తాడు. నేనూ ప్రయత్నించాను. తాడు వేళ్ళ మధ్య ఒరుసుకోవడం నాకు పడలేదు, వానాకాలం బురదలో మరీ చిరాకు.

మార్కులు ఇవ్వాలి కాబట్టి పాతదానికి ఐదుకి నాలుగున్నర, వాన నీళ్ళలో జారుడుకి అర తగ్గించాను. కొత్తదానికి నడకకి మూడు, పరుగుకి ఒకటి. పాదం సన్నగా ఉండి, ఇప్పటిదాకా లావు సోల్ వేసుకుని, కాస్త పల్చటిదాంట్లోకి దిగుదామనుకునేవాళ్ళకి కొత్తది పనికొస్తుంది, కాదనను. వెడల్పు పాదాలవాళ్ళు మాత్రం షాపుకి వెళ్ళినప్పుడు లోపలి అట్ట బయటికి తీసి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడి చూడండి. వేళ్ళు అట్ట దాటి బయటికి వస్తే ఆ షూ పేరేదైనా వదిలేయండి. పాత మోడల్ ఏడో నంబరు ఎక్కడైనా కనబడితే నాకు ఒక మాట చెప్పండి, రంగు ఏదైనా పర్వాలేదు, ఆ మెరుపు పసుపుపచ్చదైనా సరే.