విజయనగరం జెరాక్సు షాపుల్లో దొరికే ప్రిపోజిషన్ నోట్సు కొనొచ్చా?

విజయనగరంలో కోచింగ్ సెంటర్ల పక్కనుండే జెరాక్సు షాపుల్లో డీఎస్సీ, బ్యాంకు పరీక్షలవాళ్లకి అమ్మే స్పైరల్ బైండింగ్ నోట్సు ఇది. ఏ క్రియ తర్వాత ఏ ప్రిపోజిషన్ (టు, ఫర్, ఆన్ లాంటి మాట) రాయాలో చెప్తుంది.

మొదటి అధ్యాయం బాగుంది. తెలుగు విభక్తిని ఇంగ్లీషులోకి మోసుకుపోతే వచ్చే తప్పులన్నీ ఒకచోట పెట్టారు. 'సమస్య గురించి చర్చించాం' మనసులో ఉంటే చేయి 'డిస్కస్డ్ ఎబౌట్' అని రాసేస్తుంది. డిస్కస్‌కి ఎబౌట్ అక్కర్లేదు. 'స్టేషనుకి చేరాడు' నుంచి 'రీచ్డ్ టు', 'నా మీద కోపం' నుంచి 'యాంగ్రీ ఆన్ మీ' పుడతాయి. రీచ్డ్ తర్వాత ఏ ప్రిపోజిషనూ రాదు, యాంగ్రీ పక్కన విత్ రావాలి. 'డిపెండ్ ఆన్' దగ్గర మాత్రం మన 'మీద' కలిసొస్తుంది.

అసలు లోపం వెనకాల పట్టీలో ఉంది. అక్షరక్రమంలో 'రిక్వెస్ట్: ఫర్' అని వేసి వదిలేశారు. అది నామవాచకానికే చెల్లుతుంది: 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్'. అదే మాట క్రియగా వస్తే 'ఐ రిక్వెస్టెడ్ లీవ్' అనాలి, ఫర్ పోతుంది. 'యాన్ ఆర్డర్ ఫర్ టూ బుక్స్' సరే, 'ఆర్డర్డ్ ఫర్ టూ బుక్స్' తప్పు. 'ఎంట్రీ ఇంటు ద హాల్' రాసిన చేత్తోనే 'ఎంటర్డ్ ద హాల్' అని రాయాలి. లీవు లెటర్లలో ఎక్కువమంది జారేది ఇక్కడే. ఆ పట్టీని ఉన్నదున్నట్టు బట్టీపడితే తప్పే గట్టిపడుతుంది. కొన్నవాళ్లు ముందు పెన్సిల్‌తో ప్రతి మాట పక్కన 'నా' అనో 'క్రి' అనో రాసుకుని, రెంటికీ చెరో పూర్తి వాక్యం కట్టుకోవాలి.

జవాబుల్లో 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' సరైనదని ఉంది. కాదు, 'మీటింగ్ యూ'. టు పక్కన నామవాచకం పెట్టి చూడండి. 'లుక్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్' నిలబడుతుంది కాబట్టి అది ప్రిపోజిషనే, తర్వాతి క్రియకి ఐఎన్‌జీ రావాలి. 'వాంట్ టు ద హాలిడేస్' నిలబడదు, కాబట్టి 'వాంట్ టు మీట్'. 'ఆబ్జెక్ట్ టు' కూడా మొదటి రకమే.

అగ్రీకి మూడు వాడుకలూ సరిగ్గానే ఇచ్చారు: మనిషితో విత్, ప్రతిపాదనకి టు, ఇద్దరూ తేల్చుకున్న తేదీకో ధరకో ఆన్.

కొనేముందు చివరి పేజీలు తిరగేయండి. చాలా కాపీల్లో జవాబులు అలికేసినట్టున్నాయి.