ఉండవల్లి "పల్లె నడక" రీలు చూసి డబ్బులు కట్టబోతున్నారా? ఆగండి!

నిన్న ఆదివారం జరిగింది. కాళ్ళు ఇంకా లాగుతున్నాయి, కడుపు ఇంకా మండుతోంది. రాసింది కాస్త అటూ ఇటూ అయితే ఏమనుకోవద్దు.

ఆ పేజీ ఏదో నేను చెప్పక్కర్లేదు. రెండు నెలలుగా బెజవాడలో అందరి ఫోన్లలో తిరుగుతున్నదే. కరకట్ట మీద సూర్యోదయం, వెనక వేణువు, "పిల్లలూ పెద్దలూ హాయిగా నడిచే నాలుగు కిలోమీటర్లు, ఎవరూ చూపించని ఊరి వింతలు, మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తాం" అని ఒకమ్మాయి గుసగుసగా చెప్తుంది చూడండి, అదే. మనిషికి 499. పిల్లలకీ 499. గుహల టికెట్టు, టిఫిను, అరటి తోటలో మజ్జిగ అన్నీ అందులోనేనట. నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు, మొత్తం 1,996 రూపాయలు ముందే కట్టేశాను. "బ్యారేజీ దాటితే ఉండవల్లి, దానికి రెండు వేలా?" అన్నారు మావారు. "మీకసలు సరదా అంటే తెలీదు" అన్నాను నేను. ఈ మాట ఇక ఏడాది పాటు నాకే వినిపిస్తారు. వినాల్సిందే.

అత్తయ్య వచ్చింది మాత్రం నడక కోసం కాదు. ప్రకాశం బ్యారేజీ తెరిచిన 1957లో పుట్టిన మనిషి ఆవిడ, మోకాళ్ళు అంతంతమాత్రం. గుహల్లో పడుకుని ఉండే అనంతపద్మనాభస్వామిని పెళ్ళైన కొత్తలో మావయ్యతో వెళ్ళి చూసిందట. కృష్ణకి ఈ ఒడ్డునే కాపురముంటూ మళ్ళీ అటు వెళ్ళనే లేదు. ఆ స్వామిని ఇంకొక్కసారి చూస్తే చాలంది.

పొద్దున ఆరున్నరకి గుహల గేటు దగ్గర కలిశాం. పాతికమంది దాకా ఉన్నాం. గైడు కుర్రాడు మెడలో చిన్న స్పీకరు తగిలించుకుని, "గుహలు చివర్లో తీరిగ్గా చూద్దాం" అన్నాడు. టిఫిను అంటే పొట్లంలో రెండు ఇడ్లీలు. సరే, పోనీ.

ఊళ్ళోకి వెళ్ళాక మొదటి వింత బొడ్రాయి. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు ఎవరో నిమ్మకాయ కూడా పెట్టి ఉన్నారు. మన గైడు దాని పక్కన నిలబడి, "ఇది పాతకాలం మైలురాయి అండీ, దూరాలు కొలవడానికి" అన్నాడు! అత్తయ్య నా వైపు చూసింది. "నాయనా, అది ఊరికి బొడ్డు. ఊరు కట్టేటప్పుడు ముందు దాన్ని పాతి, తర్వాతే ఇళ్ళు కట్టుకుంటారు. బొడ్రాయి పండగైతే ఆడపిల్లల్ని పుట్టింటికి పిలుస్తారు" అని మెల్లగా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు ఆవిడ వైపు తిప్పారు. అక్కడే వాడికి మండిందని నా అనుమానం. ఆ తర్వాత రావి, వేప కలిసి పెరిగిన చెట్టు దగ్గర "డబుల్ ట్రీ" అనేసి గబగబా ముందుకు పోయాడు. ఆ రెంటికీ పెళ్ళి చేస్తారని కూడా తెలియని వాడికి ఊరు చూపించమని డబ్బులిచ్చాను నేను.

అక్కణ్ణుంచి పొలాల దారి. అరటి తోటలు బాగున్నాయి, కాదనను. పిల్లలు పరిగెత్తారు. గంటసేపు నడిచాక ఎదురుగా షామియానా, రంగు జెండాలు, ప్లాస్టిక్ కుర్చీలు. "ఐదు నిమిషాలు నీడలో కూర్చోండి, మజ్జిగ ఇస్తారు" అన్నాడు. మజ్జిగ కావాలంటే కూపను కావాలి. కూపను కావాలంటే ఫారం నింపాలి. పేరు, ఫోన్ నంబరు, నెల ఆదాయం. గ్లాసుడు మజ్జిగకి నా నెల ఆదాయం ఎందుకని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదండీ. నింపేశాను. డిగ్రీ చదివాను, బ్యాంకు పని నేనే చూసుకుంటాను, అయినా నింపేశాను.

ఈలోగా టై కట్టుకున్న ఒకాయన తెర మీద ప్లాన్ వేసి, గజం ఇంత, ఈ రోజు టోకెన్ కడితే ఇంత తగ్గింపు అని మొదలుపెట్టాడు. అది వెంచర్! ఐదు నిమిషాలు కాస్తా గంటంబావు. పిల్లలు దాహం దాహమంటున్నారు. వెనక వరసలో ఒక పెద్దాయన రెరా నంబరు, అంటే వెంచర్‌కి ప్రభుత్వం దగ్గర తీసుకోవాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు, అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు. ఆయన గట్టిగానే నవ్వాడు. నంబరు రాకుండా అసలు అమ్మకానికి పెట్టకూడదని 2016 చట్టంలోనే ఉందట.

అప్పుడు అత్తయ్య కుర్చీ పట్టుకుని లేచి గైడు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, ఎండ ముదురుతోంది. స్వామి దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు?" అంది. వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఏం మామ్మా, ఐదొందలకి దేవుడు కూడా కావాలా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది. సగం కూడా తాగలేదు. రాత్రంతా ఆ గ్లాసే నా కళ్ళ ముందు. నేను లేచి అడిగితే, "మా ప్రోగ్రాం ఇక్కడితో అయిపోయింది మేడం. గుహలకా? ఫోన్లో మ్యాప్ ఉంది కదా" అన్నాడు. మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తామంటే ఏమో అనుకున్నాను. మొదటికే మోసం!

పదిన్నర ఎండలో, అత్తయ్యని చెయ్యి పట్టుకుని, పొలం గట్ల మీద వెనక్కి నడిచాం. సగం దారిలో అరటి గెలల ట్రాలీ అతను ఆపి, "ఎక్కండమ్మా" అని గుహల దాకా దింపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇక అసలు సంగతి వినండి. గుహల టికెట్టు పెద్దవాళ్ళకి ముప్పై రూపాయలు కూడా లేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అసలు టికెట్టే లేదు! అంటే ఉచితంగా పంపించే నా పిల్లల పేర గుహల టికెట్టు కలిపి వసూలు చేశారన్నమాట. కౌంటర్ దగ్గర నేను నిలబడి నవ్వుతుంటే మా చిన్నది భయపడింది.

మెట్లకి అత్తయ్యకి అరగంట పట్టింది. ఒకే కొండని తొలిచి నాలుగంతస్తులు. పైన అరుగు మీద వరసగా కూర్చున్న ఋషుల విగ్రహాల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. లోపల చీకట్లో ఐదు మీటర్ల పైనే పొడవున్న స్వామి. ఆవిడ పాదాల దగ్గర నుంచి తల దాకా నడిచి, మళ్ళీ పాదాల దగ్గరికి వచ్చింది. "మీ మావయ్య ఇక్కడే నిలబడ్డారు" అంది, అంతే. రెండు వేలకి దొరకనిది అరవై రూపాయల లోపే దొరికింది.

రాత్రి ఆ పేజీలో కామెంటు పెడితే పది నిమిషాల్లో తీసేసి నన్ను బ్లాక్ చేశారు. కింద కనిపించే "సూపర్ అనుభవం" కామెంట్లు చూసి మోసపోకండి.

ఉండవల్లి చూడాలంటే ఆటో మాట్లాడుకుని మీరే వెళ్ళండి, బొడ్రాయి గురించి ఊళ్ళో ఏ ముసలావిణ్ణి అడిగినా చెప్తుంది. ఎక్కడైనా మజ్జిగకి ఫారం ఇస్తే లేచొచ్చేయండి. అన్నట్టు ఇప్పటికే కట్టేసి ఉంటే స్క్రీన్‌షాట్లు దాచుకోండి.

ఇది రాస్తుండగానే ఆ వెంచర్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, పొద్దుటి నుంచి ఆరోసారి. ఈసారి అత్తయ్యకిచ్చాను. "ప్లాటా? చూద్దాంలే నాయనా. ముందు నీ ఊరి బొడ్రాయి ఎక్కడుందో చెప్పు" అంటోంది.